చేపకు మంచినీళ్ళు

మనుషులను దాహంతోనూ, చేపను మంచినీళ్ళతోనూ ఒకే పూట చంపబోయిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. చేప విషయంలో "చంపబోయిన" కాదు, "చంపిన" అని చదువుకోండి.

తొంభైల్లో పటాన్‌చెరులో ఓ పైపుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మాది కొండాపూర్ పక్క పల్లె. చెరువులో గాలం వేసి పెరిగానని తోటి ఫిట్టర్ అప్పలరాజు దగ్గర రోజూ కోతలు కోసేవాణ్ణి. అతనిది భీమిలి దగ్గర చేపలు పట్టే కుటుంబం. ఓ మే నెల సెలవుల్లో నన్ను తమ ఊరికి రమ్మన్నాడు. నేను ఊరుకోకుండా క్యాంటీన్లో అందరి ముందూ, "నేను పట్టిన చేపను మీ అమ్మ ముందట బతికుండంగనే పెడ్త. లేకుంటే ఇగ గాలమే ముట్ట" అనేశాను.

వెళ్ళిన మర్నాడే అతనూ, వాళ్ళ నాన్నా, నేనూ చిన్న పడవలో బయల్దేరాం. ఒడ్డు కనబడుతూనే ఉంది. నా గాలానికి మోచేతంత పార చేప పడింది. ముసలాయన దాన్ని సముద్రపు నీళ్ళున్న బకెట్లో వేసి, కొడుకుతో కలిసి పడవ ముందువైపు వల లాగడానికి వెళ్ళాడు.

కాసేపటికి చేప నోరు తెరిచి రొప్పసాగింది. నా పరువంతా ఆ బకెట్లోనే ఉందాయె. మా ఇంట్లో చేప ఇలా చేస్తే నాయనమ్మ పాతనీళ్ళు పారబోసి బోరింగు నీళ్ళు పోసేది. పైగా ఆ ఉప్పునీళ్ళు నేను రుచి చూస్తేనే కక్కొచ్చింది, పాపం చేప ఎలా తాగుతుంది? చేప జారిపోకుండా చెయ్యి అడ్డంపెట్టి బకెట్లో నీళ్ళు సముద్రంలోకి వంచేసి, మేం తాగడానికి తెచ్చుకున్న క్యాన్‌లో మంచినీళ్ళన్నీ పోశాను. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. నేను ఇంకో మెట్టెక్కి దాహం తీర్చాను.

తీర్చిన కాసేపటికే అది ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎండ నడినెత్తికొచ్చింది. ముసలాయన వచ్చి క్యాన్ ఎత్తి ఊపాడు.

"నీల్లేవి బాబూ?"

"చేపకు పోసిన పెద్దాయనా. జెర తండ్లాడుతుండె."

అప్పలరాజు వల వదిలేసి వచ్చాడు. "సముద్రం సేపకి మంచినీల్లా?"

"మరి గా ఉప్పునీళ్ళల్ల ఎట్ల బతుకుతది?"

"పుట్టిన కాన్నించీ ఎలా బతికిందనుకున్నావు?"

నేను వంగి చేపను వేలితో పొడిచి చూశాను; అది కదల్లేదు.

గాలి పడిపోయింది. తెడ్లు వేస్తూ ఒడ్డు చేరడానికి గంట పైనే పట్టింది. దాహంతోనే వాళ్ళిద్దరూ తెడ్లు వేశారు. నేనే ఆగలేక, "పెద్దాయనా, గొంతు ఎండుతున్నది" అన్నాను.

ముసలాయన కాలితో బకెట్ నా వైపు నెట్టాడు. "సేపకి నచ్చనేదు. నీకైనా పనికొత్తాయేమో సూడు."

తువ్వాలుతో వడగట్టుకుని తాగాను. నీచువాసన రెండు రోజులు పోలేదు. ఇచ్చిన మాట ప్రకారం గాలం అప్పలరాజు చేతిలో పెట్టేశాను. ఆ తువ్వాలు సాక్షిగా ప్రమాణం కూడా చేశాను: ఈ జన్మలో ఏ చేపకైనా సరే, దాని సొంతూరు కనుక్కోకుండా మంచినీళ్ళివ్వను.