ఫోటోలో మా అప్ప

ఆ ఫోటోకి బహుమతి వచ్చిందట. ఊళ్ళు తిరుగుతూ ఫోటోలు తీసే ఒక పెద్దమనిషి, స్వామివారి యాత్ర వెంట మా కవిటి దాకా వచ్చి తీశాడు. పూలతో నిండిన జీపు మీద స్వామి చిరునవ్వు, కింద చేతులు జోడించి ఏడుస్తున్న ఆడమనిషి, ఆమె చుట్టూ కళ్ళు తుడుచుకుంటున్న జనం. దానికి ‘భక్తి పారవశ్యం’ అని పేరు పెట్టారు. ఆ ఆడమనిషి నా తోడబుట్టిన అప్ప. పారవశ్యమట, వాళ్ళ మొహం!

ఆరోజు అప్ప మొగుడికి, అంటే మా బావకి, డయాలసిస్. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఈ మాట పసిపిల్లలకి కూడా తెలుసు. అప్పా నేనూ ఆయన్ని ఆటోలో పలాస ఆసుపత్రికి తీసుకుపోతున్నాం. కవిటి దాటకముందే ఊరేగింపు ఎదురైంది. ముందుకీ వెనక్కీ కదలడానికి లేదు. బావకి కాళ్ళు పొంగి, ఆయాసం ఎక్కువైంది. నేను ఆయన్ని భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. అప్ప దిగి, అరుచుకుంటూ జనంలోకి తోసుకుపోయింది. ఆ తోపులాటలో జుట్టుముడి ఊడిపోయింది. భయంతో ఒళ్ళంతా వణుకు.

మావాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆడమనిషి జుట్టు విరబోసుకుని వణికితే అమ్మోరు పూనిందంటారు. ఇక ఆమె ఏం మాట్లాడినా అది ఆమె మాట కాదు. ఎవరో పసుపునీళ్ళు తెచ్చి నెత్తిన కుమ్మరించారు. ఒక ముసలమ్మ కాళ్ళ మీద పడింది.

"ఏటి కావాల తల్లీ, సెప్పు!"

"మా ఆయన ఆటోలో సచ్చిపోతన్నాడు, దారియ్యండర్రా!"

తల్లి దారి అడుగుతోందన్నారు. ఇచ్చారు కూడా. అటూ ఇటూ పట్టుకుని తిన్నగా స్వామి జీపు ముందుకి నడిపించారు. అప్ప దణ్ణం పెట్టి ఆయనతోనూ అదే చెప్పుకుందట. డప్పుల మోతలో ఆయనకేం వినబడిందో, నవ్వి ఒక బంతిపువ్వు విసిరాడట. అప్ప బావురుమంది. ఆమెని చూసి పక్కవాళ్ళంతా ఏడ్చారు. మా ఆటో మాత్రం ఉన్నచోటే ఉంది.

రోడ్డు తెరుచుకున్నాక పలాస చేరాం. అప్పటికే బావ నా భుజం మీదే పోయాడు.

మొన్న ఆ పెద్దమనిషి ఫోటోకి అద్దం కట్టించి అప్ప ఇంటికి తెచ్చాడు. దాన్ని అతని నెత్తినే బద్దలుకొట్టాలన్నంత మంట పుట్టింది నాకు. "ఆ క్షణంలో మీకేమనిపించిందమ్మా?" అని అడిగాడు మర్యాదగా. అప్ప ఫోటోని వాకిట్లో వెలుగులోకి తీసుకెళ్ళి అంచుల వెంబడి వేలు పెట్టి వెతికింది.

"ఆటో అగుపడ్డం నేదేటి బాబూ?"

"వెనకాల పడిందమ్మా. బాగోలేదని ఆ పక్క కత్తిరించేశాను."

నా నోట్లో తిట్టు సిద్ధంగా ఉంది. అప్ప చెయ్యెత్తి నన్ను ఆపింది.

"అప్పటికింకా మా ఆయన పేనంతోనే ఉన్నాడు బాబూ. ఆ ముక్క ఉంటే నాకియ్యి, నీకు పున్నెముంటాది."