నురగలో రాసిన పేరు

మా మేనమామ పేరెత్తిన గుర్రం గెలవదు. గెలవకపోవడమంటే మామూలుగా కాదు. ఒకటి పరుగు మధ్యలో ఆగి జనాన్ని తీరిగ్గా చూసింది. ఇంకొకటి రౌతును కింద పడేసి హాయిగా వెనక్కి నడిచి వచ్చేసింది. అందుకే మా బజారంతా ఆయన్ని బ్రేకు మామయ్య అంటుంది. పెద్ద పందెం వస్తే చాలు, ఆయన ఏ పేరు చెబుతాడా అని అందరూ చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. చెప్పగానే దాన్ని కొట్టేసి, మిగిలినవాటిలో వెతుక్కుంటారు.

ఈ తతంగమంతా నా సెలూన్‌లోనే. టీవీ నాది, కరెంటు బిల్లు నాది, అరుపులు మాత్రం అందరివీ. మామయ్య గడ్డం నెపంతో వచ్చి, అద్దం ముందు కూర్చుని తీర్పు చెబుతాడు. గడ్డానికి డబ్బులిచ్చిన పాపాన పోలేదు.

మొన్నటి పెద్ద పందెం రోజున ఆయనకంటే ముందు ఎదురుషాపు టైలర్ వచ్చాడు. చంకలో సంచి, మొహం నిండా చెమట.

“అన్నా, ఈసారి చిరుగాలి! చూస్కో.”

సెలూన్ గొల్లుమంది. అందరి నోటా నలుగుతున్న గుర్రం ఉరుము. నేల తడిగా ఉంటే ముత్యం అనే గుర్రాన్ని కూడా తీసిపారేయలేం. చిరుగాలి గెలిస్తే మాత్రం రూపాయికి నలభై ఇస్తారట. అంటే అది గెలవదని పందెం కౌంటర్‌వాళ్ళకి అంత ధీమా.

“నవ్వండి, నవ్వండి. దాని రౌతు నిన్న నా దగ్గర పంట్లాం బిగించుకున్నాడు. నడుము రెండు వేళ్ళు తగ్గింది. మీద బరువు తగ్గితే గుర్రం ఎగరదూ?”

“సంచిలో ఏంటి?” అన్నాను.

“మిషను డబ్బు,” అన్నాడు గొంతు తగ్గించి. “కొన్నవాడు సాయంత్రం వచ్చి పట్టుకెళతాడు. రేపు రెండు మిషన్లు కొంటా.”

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ ఇంట్లో నలుగురి తిండీ ఆ మిషను మీదే.

“మీ ఆవిడకి తెలుసా?”

“గెలిచాక చెబుతా. మామయ్య ఇంకో గుర్రం పేరు చెప్పగానే వెళ్ళి కట్టేస్తా.”

అంతలో మామయ్య రానే వచ్చాడు. కుర్చీలో కూర్చుని, మెడకి తువ్వాలు చుట్టించుకున్నాడు. టైలర్ చేతులు జోడించాడు.

“మామయ్యా, మీకు పుణ్యముంటుంది. ఉరుము అనండి.”

మామయ్య గొంతు సవరించుకున్నాడు. “ఈసారి నా ఓటు... చి...”

“వద్దు!” అని కేక పెట్టి, టైలర్ నా చేతిలో బ్రష్షు లాక్కుని ఆయన నోటి నిండా నురగ పులిమేశాడు. మామయ్య ఏమాత్రం కంగారుపడలేదు. మూతి మీది నురగ వేలితో తీసి, అద్దం మీద తాపీగా రాశాడు: చిరుగాలి.

టైలర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. వీధి చివర కౌంటర్ మూసే ముందు కొట్టే గంట మోగింది. గుమ్మం దాకా పరుగెత్తాడు, వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. చివరికి సంచిని కౌగిలించుకుని నేల మీదే కూలబడ్డాడు. కౌంటర్ మూసేశారు.

పరుగు మొదలైంది. చిరుగాలి అన్నిటికంటే వెనక ఉంటే మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆఖరి మలుపులో దానికేం పూనిందో, ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చి ఉరుమును కూడా దాటేసింది!

టైలర్ లేచి నిలబడ్డాడు. “మామయ్యా, అదిగానీ గెలిచిందో...”

మామయ్య కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. గడ్డం మీది నురగ చెమటతో కలిసి కారిపోతోంది. నేనైతే కత్తి తీసి సొరుగులో దాచేశాను. సరిగ్గా అప్పుడే బయటివైపు నుంచి ముత్యం దూసుకొచ్చి, మెడ తేడాతో గెలిచింది.

టైలర్ వచ్చి మామయ్య కాళ్ళ మీద పడ్డాడు. “ఈ వేలికి బంగారు తొడుగు చేయించాలి మామయ్యా! నా మిషను మిగిలింది.” డబ్బు తిరిగిచ్చెయ్యడానికి పరుగు తీశాడు. జనం కూడా టీవీ వదిలేసి వాడి వెనకే వెళ్ళారు.

మామయ్య జేబులోంచి ఒక టికెట్ తీసి నా చేతిలో పెట్టాడు. ముత్యం!

“మరి చిరుగాలి అన్నావేం?”

“పొద్దున టికెట్ల క్యూలో ఆ మిషను కొన్నవాడు తగిలాడు. చిరుగాలి పిచ్చిలో టైలర్ చవగ్గా ఇచ్చేశాడని ఒకటే మురిసిపోతున్నాడు. ఇటొస్తుంటే, పాపం టైలర్ వాళ్ళావిడ ఏమీ తెలియక ఆ మిషనుకే నూనె వేస్తోంది. చూస్తూ ఊరుకోలేకపోయానురా.”

“చిరుగాలి గెలిచుంటే?”

“నా గొంతు నీ కత్తి కిందే ఉందిగా!” అన్నాడు. నుదుటి చెమట మాత్రం తువ్వాలుతో తుడుచుకున్నాడు. “మొదట్లో నిజంగానే ఓడేవాణ్ణి. తర్వాత చూస్తే, నేను పేరెత్తిన గుర్రం మీద ఎవడూ పైసా పెట్టడం లేదు. మంత్రి చెప్పినా ఇంతమంది వినరు. అంత పలుకుబడి ఊరికే పోనిస్తానా? ఎవడు మునిగేలా ఉంటే వాడి గుర్రాన్నే పొగుడుతున్నా.”

నాకు ఆయన్ని చూస్తే ముద్దొచ్చింది. గబగబా గడ్డం గీసి, కొంచెం తెగ్గోశాను కూడా.

“ఈ టికెట్ నువ్వే మార్చుకురా. పాత గడ్డాలన్నీ అందులో పట్టేసుకో. నేను గెలిచానని తెలిస్తే వచ్చే ఏడు నా మాట ఎవడు వింటాడు?”

ఇంతలో టైలర్ మళ్ళీ గుమ్మంలోంచి తల పెట్టాడు. మామయ్య ఠక్కున మొహం వేలాడేశాడు. నేను టికెట్ గుప్పిట్లో దాచేశాను.

“దిగులు పడకండి మామయ్యా,” అన్నాడు టైలర్ జాలిగా. “ఏదో ఒక రోజు మీ గుర్రం కూడా గెలుస్తుంది.”