ఊ కొడితేనే చెప్పే అత్త

మా మేనత్త గొంతు గురించి చెబితే నమ్మరు గానీ, ఆవిడ క్లాసు తీసుకుంటుంటే పక్క భవనంలో కునుకు తీస్తున్నవాళ్ళు కూడా పరీక్ష పాసయ్యేవాళ్ళు. భూమి లోపలి నీళ్ళ గురించి యూనివర్సిటీలో పాఠం చెప్పడం ఆవిడ పని. అందుకే పిల్లలందరూ బోరింగు మేడం అంటారు. ఆ పేరుకి ఇంగ్లీషు అర్థం తీసినవాడెవడైనా ఒక్క గంట ఆ క్లాసులో కూర్చుంటే చాలు, లెంపలేసుకుని బయటికొస్తాడు.

ఆ యూనివర్సిటీలో నేనూ చదివాను. మధ్యలో మానేశానని గిట్టనివాళ్ళు అంటుంటారు. అసలు సంగతేమిటంటే, నాకు చెప్పడానికి వాళ్ళ దగ్గరే సరుకైపోయింది.

ఈ ఏడాదితో అత్త రిటైరవుతోంది. తర్వాత ఆ పాఠం చెప్పడానికి ఎవరినీ వేయడం లేదు. సరిగ్గా అప్పుడే పైవాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. పాఠాలు వీడియో తీసి, ఎక్కడివాళ్ళయినా, ఎంతమందయినా ఉచితంగా నేర్చుకునేలా ఇంటర్నెట్‌లో పెడదామా, వద్దా? అది తేల్చడానికి రిజిస్ట్రారుగారి పెత్తనంలో ఒక కమిటీ వేశారు. "ఊరికే ఇచ్చేస్తే ఇక ఫీజు కట్టి బెంచీల మీద కూర్చునేదెవరండీ?" అని ఆయన బెంగ. ముందు ఒక నమూనా పాఠం చూస్తామన్నారు. అత్త గబుక్కున చెయ్యెత్తింది. వాళ్ళు సరేనంటే ఆవిడ పాఠం నిలుస్తుంది. కాదంటే ఆవిడతోపాటు అదీ ఇంటికొచ్చి కూర్చుంటుంది.

లైబ్రరీ వెనక గదికి నల్లగుడ్డలు కట్టి స్టూడియో అన్నారు. అందులో కెమెరా ముందు నిలబడగానే, మైకు అక్కర్లేని మా అత్త సంతాప సందేశం చదువుతున్నట్టు మాట్లాడింది. రెండు ముక్కలు చెప్పి ఆగడం, కెమెరా కేసి బేలగా చూడడం. కమిటీ మొహమాటపడి, ఇంకొక్కసారి తీసి చూపించమంది.

ఆ సాయంత్రం అత్త వంటింట్లో కుర్చీలో కూలబడి, "వెధవ కెమెరా! ఊ అనదు, ఆ అనదు. గోడతో ఎలా మాట్లాడను?" అంది.

గిన్నెలు తోముతున్న మావయ్య వెనక్కి తిరక్కుండానే, "పెళ్ళయినప్పట్నుంచీ ఊ అనడం తప్ప నేనింకేమన్నా అన్నానా? నన్ను తీసుకెళ్ళు" అన్నాడు.

"మీరు వినకుండానే ఊ కొడతారు. అది చెల్లదు." అప్పుడు ఆవిడ చూపు నామీద పడింది. "ఒరేయ్, నువ్వు రా. నీకు ఎక్కకపోతే మొహంలో తెలిసిపోతుంది."

"పొగుడుతున్నావా అత్తా, తిడుతున్నావా?"

"రేపు పొద్దున్నే స్నానం చేసి రా."

కెమెరా కింద ఒక పీట వేసి నన్ను కూర్చోబెట్టారు. నా మొదటి ఊకి అత్త గొంతు లేచింది. రెండో ఊకి కిటికీ అద్దాలు గలగలలాడాయి. మూడోదానికి లైబ్రరీలో పుస్తకాలు వాటంతటవే తెరుచుకున్నాయని సౌండు చూసే అతను ఇప్పటికీ చెబుతాడు. అతనికి చెప్పింది నేనే.

ఇంతలో అత్త, "గులకరాళ్ళ కంటే బంకమట్టిలోనే ఎక్కువ నీళ్ళు పడతాయి" అంది. నా ఊ గొంతులోనే ఆగిపోయింది.

"ఏరా?"

"కోతలు కొయ్యడం నా పని అత్తా, నీది కాదు."

కెమెరా తిరుగుతూనే ఉంది. అత్త కాగితాలు పక్కన పడేసి రెండు గాజు సీసాలు తెచ్చింది. ఒకదాంట్లో గులకరాళ్ళు, రెండోదాంట్లో బంకమట్టి, రెండింటి నిండా నీళ్ళు, మట్టిదానికే ఎక్కువ పట్టాయట. అడుగున ఉన్న బిరడాలు లాగింది. గులకరాళ్ళ సీసాలోంచి నీళ్ళు బుడబుడా వచ్చేశాయి. మట్టి సీసా ఒక్క చుక్క రాల్చలేదు.

"ఉండడం వేరు, ఇవ్వడం వేరు. దీని దగ్గర చాలా ఉంది, కానీ గట్టిగా పట్టుకు కూర్చుంటుంది. అర్థమైందా?"

"ఊ!" అన్నాను, నాకే తెలియకుండా.

కమిటీ వీడియో చూసింది. గట్టిగా పట్టుకు కూర్చుంటుందన్న మాట దగ్గర గదిలో అందరూ నెమ్మదిగా రిజిస్ట్రారుగారి వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తీసి, "మేడం, ఇది నన్నుద్దేశించేనా?" అన్నారు.

"అయ్యో, లేదండీ. మా ఆయన్ని తలుచుకుని చెప్పాను."

రిజిస్ట్రారుగారే ముందు నవ్వారట. మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. ముందు అత్త కోర్సు పెట్టి చూద్దామన్నారు. ఆ ఊ తీసెయ్యమంటారా అని సౌండు అతను అడిగితే రిజిస్ట్రారుగారే, "తీసేస్తే మేడం ఎవరికోసం ఆగుతున్నారో తెలియదు, ఉండనివ్వండి" అన్నారట. అలా నేను మానేసిన చోట నా గొంతు శాశ్వత ఉద్యోగంలో చేరింది.

మొన్న ఆఖరి పాఠం తీశాం. అత్త వానచుక్కని నేలలోకి దింపి, రాళ్ళ సందుల్లో తిప్పి, బావిలో తేల్చి, "అర్థమైందా?" అంది. శుభ్రంగా అర్థమైంది. మా మావయ్యకైనా అర్థమయ్యేలా చెప్పింది. ఊ అంటే కెమెరా కట్టేస్తారు.

"లేదత్తా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. అక్కడ ఏదీ దాగదని ఆవిడే అందిగా.

"దొంగ వెధవా" అంది. మళ్ళీ వానచుక్క దగ్గర్నుంచి మొదలుపెట్టింది.