గూట్లో పెట్టిన కంప్యూటరు

మా పక్కింటి హరిబాబుది భావనపాడులో పెళ్లి వీడియోల పని. వేటకు రాకుండా కెమెరా పట్టుకున్నాడని వాళ్ల నాన్న అప్పలసూరి చాలాకాలం వాడితో సరిగ్గా మాట్లాడలేదు. కూతురు గౌరి పెళ్లిలో మాత్రం ఆ కెమెరా ముందుకే వచ్చి చిందేశాడు. తరువాతి నెల వేటకెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆయన కదిలే బొమ్మ ఆ పెళ్లి వీడియో ఒక్కటే. అది హరి కంప్యూటరులో ఉంది.

గౌరి పెళ్లికి ముందొచ్చిన తుఫానులో ఇంట్లోకి సముద్రం వచ్చి పెద్ద కంప్యూటరు పాడైంది. అందుకని ఈసారి గోడ గూట్లో పట్టేంత చిన్న డబ్బా కొన్నాడు. తల్లి కూర్మమ్మ దానికి పాత చీరముక్క తెరలా కట్టింది. ఒడ్డునున్న ఇళ్లలో ఇనుముకి గుడ్డ కప్పకపోతే ఉప్పుగాలి తినేస్తుంది. కత్తిపీట దగ్గర్నుంచి పడవ ఇంజను దాకా అన్నిటికీ అదే పద్ధతి.

ఒకరోజు హరి ఆ వీడియో పెట్టాడు. బొమ్మ ఆగి ఆగి, కొట్టుకుంటూ నడిచింది. కూర్మమ్మ కేక పెట్టింది.

"ఏటిరా మీ నాన్న ఇలగ కొట్టుకుంతన్నాడు? నీళ్లలో ఉన్నట్టున్నాడు! ఆపీరా!"

"బొమ్మల కార్డు సాలట్లేదే అమ్మా. కొత్తది ఏస్తాను."

"కుదిరాకే సూత్తాను. అందాకా నాకు సూపించకు."

కార్డు కొనడానికి వాడు శ్రీకాకుళం వెళుతుంటే, అరసవల్లి దర్శనం వంక పెట్టి నేనూ బయలుదేరాను. కొట్టాయన ప్రకాష్ రెండు గ్రాఫిక్స్ కార్డులు బల్ల మీద పెట్టాడు. ఒకటి పొడుగు, రెండు ఫ్యాన్లు. ఇంకోటి పొట్టి, ఒక్క ఫ్యాను.

"ఇంత ముక్కకి రెండు ఫ్యాన్లేటి నాయనా? మా ఇంటిల్లిపాదికీ ఒక్కటే ఉన్నాది" అన్నాను.

"మీ ఇల్లు ఇంత వేడెక్కదు కదండీ" అని నవ్వాడు ప్రకాష్.

హరి జేబులోంచి వలతాడు తీశాడు. డబ్బా లోపలి పొడవుకి తాడు పట్టి ముడి వేసుకొచ్చాడు. తండ్రి వల కన్ను కొలిచేదీ అలాగే. పొడుగు కార్డు ముడి దాటి నాలుగు వేళ్లు బయటికొచ్చింది. పొట్టిది ముడి లోపలే ఆగింది.

"ఇదైతే పడతాది" అన్నాడు ప్రకాష్. "కానీ డబ్బాకి గాలాడాలి. నీ హార్డ్ డిస్కు ఈ కార్డుకి ఆనుకునే ఉంటాది. అందులో పోకూడనిది ఏదైనా ఉంటే ముందు కాపీ తీసుకో."

"పనయ్యాక అందరికీ కలిపి తీస్తాను."

"గాలెక్కణ్నించి వస్తాదిరా?" అని అడిగాను.

"సముద్రం ఒడ్డున గాలికి కరువేటి పిన్నీ?"

తాడు డబ్బాని కొలిచింది. గూటిని ఎవరూ కొలవలేదు.

కార్డు వేశాక అప్పలసూరి చక్కగా ఆడాడు. నేను చూశాను. కూర్మమ్మకి సంవత్సరీకం నాడు చూపించాలని హరి దాచాడు. ముందురోజు వీడియో ముక్కలన్నీ ఒకటిగా కలిపే పని కంప్యూటరుకి పెట్టి, గూటి తెర తీసేసి, గౌరిని తీసుకురావడానికి వెళ్లాడు.

ఫ్యాను చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తూనే ఉంది. మొదట దోమలా ఉంది. తరువాత సీసాలో పడ్డ కందిరీగలా అయింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆగిపోతే నేను ఊరుకోలేను, వెళ్లాను.

కూర్మమ్మ గూటి కింద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. తెర మళ్లీ కట్టి ఉంది. నాలుగు అంచులూ గూట్లోకి దోపి ఉన్నాయి.

"తూరుపు గాలి మొదలైనాది సెల్లీ. ఈడు తెర తీసీసి పోనాడు. నేను సూసుకోకపోతే ఉప్పు తినీదే."

గుడ్డ లాగాను. డబ్బా అట్లపెనంలా కాలింది. పక్కనున్న మానిటరు మీద అప్పలసూరి రెండు చేతులూ పైకెత్తి ఆగిపోయి ఉన్నాడు. కూర్మమ్మ అటు చూడకుండా ముఖం తిప్పుకుంది, కుదిరాకే చూస్తానంది కదా. నా కళ్ల ముందే బొమ్మ మీద గీతలు పడ్డాయి, ఆరిపోయింది.

డిస్కు వేడికి పోయిందనీ, అందులోంచి ఏమీ తీయలేననీ ప్రకాష్ చెప్పాడు. హరి ఇంటికొచ్చి తల్లితో రిపేరులో ఉందన్నాడు. నా దగ్గరికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పిన్నీ, గుడ్డ సంగతి మాయమ్మకి తెలీకూడదు."

ఊళ్లో ఏ కబురూ నా దగ్గర ఆగదని అందరికీ తెలుసు. ఇది ఆగింది.

డబ్బా ఇప్పటికీ గూట్లోనే ఉంది. కూర్మమ్మ ఆ గుడ్డ ఉతికి, ఆరేసి, మళ్లీ నాలుగు అంచులూ దోపుతుంది.

"మీ నాన్న బొమ్మ కుదిరినాదేటిరా?" అంటుంది.

"ఇంకా నేదమ్మా."

"తొందర నేదులే. ఉప్పుగాలి తగలకుండా నేను సూసుకుంతన్నాను గదా."