విసరడానికి కొన్న టోపీ

ఆ రోజుల్లో కెనడాకు చదువు పేరుతో వచ్చిపడ్డవాళ్లం ఎంతమందిమో మాకే తెలియదు. టొరంటో శివారు ఎటోబికోలో ఏ బస్సెక్కినా సగం సీట్లలో మనవాళ్లే, ఒళ్లో అన్నం డబ్బా, కళ్లనిండా నిద్ర. అవి బంగారు రోజులని ఇప్పుడు కొందరు నిట్టూరుస్తుంటారు గానీ, నాకు ఆ బంగారం ఎక్కడా కనపడలేదు. మా బేస్‌మెంట్‌కు కిటికీ అంటే గోడ పైభాగాన మూరెడు అద్దం. జనవరి వచ్చేసరికి దాన్ని మంచు మూసేసేది, తెల్లవారిందో లేదో ఫోన్ చూసి తెలుసుకునేవాళ్లం. ఆ చీకట్లో నలుగురం ఉండేవాళ్లం. ముగ్గురం ఉద్యోగాల గురించి దిగులు పడుతుంటే నాలుగోవాడు మాత్రం హాకీ గురించి దిగులు పడేవాడు. వాడికి మేం పెట్టిన పేరు కోచ్. వరంగల్‌లో ఉన్నంతకాలం ఐసంటే చెరకురసంలో వేసేదనే తెలిసిన మనిషి, ఇక్కడ ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దుతూ, అక్కడి ముసలి సూపర్‌వైజర్ రేడియోలో పెట్టే కామెంటరీ వినీ వినీ ఐసు హాకీలో ముదిరిపోయాడు. (జబ్బు ముదిరినట్టే ముదిరాడు, అంతకన్నా మంచి మాట దొరకడం లేదు.)

పోనీ గెలిచే టీమ్‌ని పట్టుకున్నాడా అంటే అదీ లేదు. వాడు ప్రాణం పెట్టింది టొరంటో టీమ్ మీద. మా నాన్నలు లాగూలు తొడుక్కునే రోజుల నుంచీ వాళ్లకు కప్పు రాలేదట. ప్రతి ఏడూ "ఈసారి పక్కా" అనేవాడు. మేమూ పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడనిచ్చే కాగితం, గురించి అదే మాట అనుకునేవాళ్లం కాబట్టి వాణ్ని ఎగతాళి చేయడానికి నోరు రాలేదు. వాడి దగ్గర నెత్తిన ఉన్ని బంతి ఉన్న నీలం టోపీ ఒకటుండేది. ఎంత చలిలోనూ దాన్ని పెట్టుకునేవాడు కాదు, జాకెట్ హుడ్ లాక్కుని పోయేవాడు. ఎందుకురా అని ఒకసారి అడిగాను.

"ఇది పెట్టుకునేది కాదురా, ఇసిరేది. మ్యాచ్‌ల ఒక్కడే మూడు గోల్స్ కొట్టిండనుకో, జనమంత నెత్తి మీది టోపీలు తీసి ఐసు మీదికి ఇసురుతరు. ఒక్కసారన్న నేను గట్ల ఇసరాలె. ఇసరకుండ ఇంటికి పోతే కెనడా చూసినట్టు కాదు."

విసిరిన టోపీలు తిరిగి ఎలా తీసుకుంటారని నేను అడగలేదు. ఆ అనుమానమే రాలేదు. గుడి బయట వందల జతల చెప్పులు వదిలిపెట్టి, దర్శనం అయ్యాక టోకెన్ ఇచ్చి ఎవరి జత వాళ్లం తెచ్చుకునే జాతి మనది. టోపీలకు మాత్రం కౌంటర్ ఉండదా అనుకున్నాను.

ఆ చలికాలంలోనే కోచ్ వర్క్ పర్మిట్ రిఫ్యూజ్ అయింది. వాడు చదివిన కోర్సుకు అసలు పర్మిటే రాదట. హైదరాబాద్‌లో వాణ్ని పంపిన కన్సల్టెన్సీవాడు ఆ సంగతి చెప్పనే లేదు. (వాడు చేసినదానికి మన భాషలో టోపీతో ఒక మాట ఉంది గానీ, ఈ కథలో టోపీలకు వేరే గౌరవం ఉంది కనుక వాడను.) నేను పొయ్యి దగ్గర ఉండగా కోచ్ ఫోన్ చూసుకుని, "రిఫ్యూజ్ చేసిన్రురా. పప్పు అడుగంటుతున్నట్టుంది, సూడు" అన్నాడు. నేను పప్పే చూశాను. వాడి ముఖం చూసే ధైర్యం నాకు లేదు.

సంగతి విన్న ముసలి సూపర్‌వైజర్ ఒకటే అడిగాడట, ఇన్నాళ్లలో ఒక్క మ్యాచ్ అయినా కళ్లారా చూశావా అని. లేదంటే, మాంట్రియల్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి ఆవిడ సీజనంతటికీ కొనిపెట్టుకున్న సీట్లు రెండు ఇప్పించాడు. శనివారం మధ్యాహ్నం, టొరంటో టీమ్‌కూ మాంట్రియల్ టీమ్‌కూ మ్యాచ్. మిగతా ఇద్దరికీ షిఫ్టులున్నాయి. ఖాళీగా ఉన్నది నేను, హాకీ అంటే ఏమీ తెలియనిది కూడా నేనే. సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్న నా జాకెట్‌కు హుడ్ లేదు. అందుకని మా పెద్దమ్మ సూట్‌కేసులో కుక్కిన గోధుమరంగు మంకీ క్యాప్ తగిలించుకుని బయలుదేరాను. బస్సులో కోచ్ పులిహోర విప్పి, అందులోని పల్లీలను మూత మీద పేర్చి నాకు ఆట నేర్పాడు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, వెనక చెరో గోల్‌కీపర్. మధ్యలో ధ్యాస తప్పి మా గోల్‌కీపర్‌ని నేను తినేశాను. సగం దారిలో కింగ్‌స్టన్ దాటేదాకా వాడు నాతో మాట్లాడలేదు.

స్టేడియం లోపల చుట్టూ మాంట్రియల్‌వాళ్ల ఎర్ర జెర్సీల సముద్రం, మధ్యలో అక్కడక్కడా మాలాంటి టొరంటో నీలంవాళ్లు. ఆట మొదలయ్యాక, కర్రలతో వాళ్లు కొట్టే ఆ నల్లబిళ్ల ఒక్కసారి కూడా నా కళ్లకు ఆనలేదు. కోచ్ ముఖం చూసి ఏం జరుగుతోందో తెలుసుకుంటూ కూచున్నాను. మా కుర్రాడు ఒకడు గోల్ కొట్టాడు. వాడే ఇంకోటి కొట్టాడు. కోచ్ జాకెట్ జిప్పు తీసి, లోపలి నుంచి నీలం టోపీ తీసి, ప్రసాదం పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఆ తర్వాత వాడికి పక్కన నేనున్నానన్న స్పృహ కూడా లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఈ ఒక్కటైనా వీడికి దక్కనీ స్వామీ అని నేనూ మొక్కుకున్నాను. ఆట అయిపోవస్తుండగా ఎర్రజనం అంతా ఒక్కసారిగా మూగబోయారు, నీలంవాళ్లు లేచి అరిచారు. మూడోది పడింది! పై నుంచి ఒకటి, పక్క నుంచి రెండు, టోపీలు గాల్లోకి లేచాయి. నాకు పూనకం వచ్చినట్టయింది. మంకీ క్యాప్ పీకి, ఉన్న బలమంతా పెట్టి విసిరాను. చెప్పుకోకూడదు గానీ బ్రహ్మాండంగా పడింది, సరిగ్గా ఐసు అంచున.

తిరిగి చూస్తే కోచ్ చెయ్యి టోపీతో సహా గాల్లోనే ఉంది. నా తల వైపు చూశాడు. చెయ్యి మెల్లగా దించాడు.

"ఇసిరినవా?"

"విసిరానుగా! నువ్వూ విసురు, ఐసు మీది టోపీలు ఊడ్చేస్తున్నారు!"

"మంచిగ ఇసిరినవ్" అని టోపీని మళ్లీ జాకెట్లో పెట్టుకున్నాడు. "ఆఖరికి మనసొప్పలేదురా."

ఇన్నేళ్లుగా ఊదరగొట్టి ఇప్పుడు పిసినారితనమేమిటని విసుక్కున్నాను. ఆట అయ్యాక గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగిని దగ్గరికి వెళ్లి, టోపీలు ఎక్కడ తిరిగి ఇస్తున్నారని మర్యాదగానే అడిగాను. ఎలాంటి టోపీ అంది. "గోధుమరంగుది. ముఖమంతా మూసుకుపోతుంది, కళ్లు మాత్రం కనిపిస్తాయి" అన్నాను. ఆవిడ సెక్యూరిటీవాళ్ల వైపు చూసింది. నేను కంగారుగా మూడు గోల్స్ సంగతీ, విసిరిన సంగతీ వివరించాక ఆవిడ ముఖం మెత్తబడింది. "అవి తిరిగి రావండీ. విసిరారంటే ఇచ్చేసినట్టే" అంది.

నేను గుడి, చెప్పులు, టోకెన్ అంటూ కోచ్‌కు నా లెక్క చెప్పేసరికి వాడు మెట్ల మీద కూలబడి నవ్వాడు. రిఫ్యూజల్ వచ్చాక వాడు నవ్వడం అదే మొదలు. పొట్ట పట్టుకుని, ఊపిరాడక, వచ్చేపోయేవాళ్లు ఆగి చూసేలా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నేను పక్కన కూచుని వీపు మీద చెయ్యి వేశాను. నా చెవులు చలికి తెగిపోతున్నాయి, ఆ మాట చెప్పే సమయం కాదు. కాసేపటికి వాడే ముక్కు తుడుచుకుని, నీలం టోపీ తీసి నా నెత్తిన పెట్టి చెవుల దాకా లాగాడు.

"నా జాకెట్‌కు హుడ్ ఉన్నది. నీదానికి లేకపాయె. ఇద్దరి టోపీలు ఆడ పడేస్తే బస్సు దాక నువ్వెట్ల నడుస్తవ్?"

అప్పుడు అర్థమైంది నాకు, ఆ చెయ్యి గాల్లో ఎందుకు ఆగిందో. "టోపీలు తిరిగి రావని ముందే చెప్పొచ్చు కదరా" అన్నాను.

"చెప్పేలోపల ఇసిరితివి గద" అన్నాడు.

మరుసటి వారం ఎయిర్‌పోర్టులో వాణ్ని సాగనంపాను. టోపీ తీసి ఇవ్వబోతే, "వరంగల్ల దీంతోటి ఏం పని? నా పేరు మీద నువ్వే ఇసురు" అని లోపలికి వెళ్లిపోయాడు, వెనక్కి చూడలేదు.

ఇప్పుడు నేను టొరంటోలోనే, నార్త్ యార్క్‌లో ఉంటున్నాను. పీఆర్ వచ్చింది, బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, హుడ్ ఉన్న జాకెట్ కూడా వచ్చింది. టొరంటో టీమ్‌కు కప్పు మాత్రం రాలేదు. ఏడాదికి ఒకటి రెండు మ్యాచ్‌లకు వెళ్తాను, ఆ నీలం టోపీతోనే. బిళ్ల కూడా ఇప్పుడు అప్పుడప్పుడూ కనిపిస్తోంది. మొన్న శనివారం మళ్లీ ఒకడు రెండు గోల్స్ కొట్టాడు. టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాను. చుట్టూ వేలమంది గొంతు చించుకుని మూడోది అడుగుతున్నారు. పడకూడదని దేవుడికి మొక్కుకుంటున్నవాణ్ని అక్కడ నేనొక్కణ్నే అయి ఉంటాను. పడలేదు.

బయటికి వస్తూ వరంగల్‌కు ఫోన్ చేశాను. వాడికి అక్కడ టైల్స్ షాపు, తెల్లవారుజామునే లేచి ఈ ఫోన్ కోసం చూస్తుంటాడు.

"పడ్డదా?" అన్నాడు.

"రెండే."

"మంచిదే. బయట చలుంటది, పెట్టుకో" అన్నాడు. పలచబడ్డ జుట్టు మీదికి టోపీ లాక్కుని, హుడ్ వెనక్కి వదిలేసి, స్టేషన్ దాకా నడిచాను.