అత్తగారి పొడుగు ప్రార్థన

మధ్యాహ్నం పూట మా కోడలు గది తలుపు వేసుకుని నిద్రపోతుంటే నేను వంటింట్లో గిన్నె చప్పుడు కూడా కానివ్వను. అయిదో నెల దానికి. లేచి వచ్చి "సారీ అత్తయ్యా, ఒళ్లు తెలియలేదు" అంటుంది. సారీ ఎందుకే తల్లీ! కడుపుతో ఉన్నప్పటి అలసట ఎలాంటిదో మా ఈడు వాళ్లకి ఒకరు చెప్పాలా?

నేను కంచిలి పక్క కొబ్బరి తోటల్లోకి కాపురానికి వెళ్లిన కొత్తలో మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పాక ఇంటిల్లిపాదికీ సంతోషం కంటే భయమే ఎక్కువైంది. నాకైతే ఆ భయానికి తోడు, కొబ్బరి కోరుతూ కోరుతూనే తల వాలిపోయేంత నీరసం. నర్సమ్మ కళ్లు చూసి, రక్తం తక్కువగా ఉంది, మాత్రలు మింగు, మధ్యాహ్నం కాసేపు తప్పకుండా పడుకో, లేకపోతే ఈ బిడ్డకీ కష్టమే అని చెప్పింది. మాత్రలైతే మింగాను గానీ పడుకోవడం ఎలాగ? ఇంట్లో పెత్తనమంతా మా మామగారి అక్కది. "కడుపుతో ఉన్నోల్లు పగటేల తొంగుంటే కాన్పు కట్టమైపోద్ది" అంటూ, నేను నడుం వాల్చబోతే చాలు, చేతికి చీపురో చేటో అందించేది. చెడ్డది కాదు పాపం, నిజంగానే అలా నమ్మింది.

మా అత్తగారు ఆవిడకి ఎదురు చెప్పే మనిషి కాదు. అయితే వారానికొకసారి మా వసారాలో జరిగే ఆడవాళ్ల ప్రార్థనని, నా పురుడయ్యేదాకా రోజూ అన్నాలయ్యాక పెట్టుకుందామని అందరితో చెప్పేసింది. ప్రార్థనంటే పెద్దావిడ మాత్రం ఎలా కాదంటుంది? చాపల మీద కూర్చుని ముసుగులు కప్పుకుని తలలు వంచడమే ఆలస్యం, నేను గోడకి చేరబడి నిద్రలో పడిపోయేదాన్ని. అత్తగారేమో ఊళ్లో జ్వరాలవాళ్లనీ, జీడితోటల పూతనీ, వేటకెళ్లిన పడవలనీ, టెక్కలి బస్సు డ్రైవర్లనీ వరసపెట్టి దేవుడికి అప్పగిస్తూ పోయేది. ఒకరోజు మధ్యలో మెలకువ వచ్చి చూస్తే, ఆవిడ ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది. చటుక్కున ఆ కన్ను మూసి, "పలాస జీడి పేక్టరీల్లో పన్జేసే ఆడకూతుళ్లని కూడా మర్సిపోకు తండ్రీ" అని అందుకుంది. ఓసి నా తల్లో, ఇదంతా నా కునుకు కోసమా అని అప్పుడు తెలిసింది నాకు. ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే మళ్లీ నిద్ర కూడా పట్టేసింది.

మోకాళ్ల నొప్పులతో పెద్దావిడ ఓసారి విసుక్కుంది, "ఇయ్యన్నీ దేవుడికి తెలవ్వేటే?" అని.

"ఆయనకి తెలుసు వదినా, మనకే గ్యాపకముండాల" అని మా అత్తగారు మళ్లీ తల వంచింది.

బిడ్డ క్షేమంగా పుట్టాడు. కృతజ్ఞత ప్రార్థనకి ఎంతసేపు కూర్చోవాలో ఏమోనని ఆడవాళ్లంతా సిద్ధపడి వస్తే, ఆవిడ "నీకు వందనాలయ్యా, ఆమేన్" అని లేచిపోయింది. అందరూ తెల్లబోయారు. నేనొక్కదాన్నే నవ్వాపుకోలేక పిల్లాణ్ణి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఇప్పుడు మా కోడలి నిద్రకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ సాకూ అక్కర్లేదు. అది చూస్తే నా కడుపు నిండిపోతుంది, ఇలాగే ఉండాలి కూడా. అయినా అప్పుడప్పుడు దిగులేస్తుంది. ఒక కోడలు కాసేపు కునుకు తీయడానికని ఊళ్లో ఆడవాళ్లనే కాదు, పైనున్న దేవుణ్ణి కూడా అంతసేపు కూర్చోబెట్టిన మనిషి నాకు మరి తారసపడలేదు.