కాటా గది ఉండాల్సిన చోటు

మా హాల్లో సోఫా లేదు, టీవీ లేదు. ఉన్నది ఒక రైల్వే యార్డు. నడుమెత్తు ప్లైవుడ్ బల్ల మూడు గోడల వెంబడీ తిరిగి, బాల్కనీ తలుపుకు అడ్డంగా వచ్చి ఆగుతుంది. బట్టలారేయాలంటే తడిబట్టల బకెట్టు ముందుకు తోసుకుంటూ నేను దాని కింద దూరాలి. మా ఆయన ముందు పెళ్లిపీటల మీద కూడా నేనంత వంగలేదు. గాజువాకలో మాది రెండు గదుల ఇల్లు. వచ్చినవాళ్లెవరూ కూర్చోవడానికి చోటేదని అడగరు. చెప్పులు విప్పీ విప్పకుండానే బల్ల దగ్గరికి పోయి నోరు తెరుచుకుని నిలబడతారు.

తెరవాల్సిందే మరి, పని అలా ఉంటుంది. అసలు రైల్లో ఎనభై ఏడో వంతు కొలత. జానెడు కూడా లేని వ్యాగన్లకు తుప్పు రంగు, తలుపుల మీద సుద్దతో గీసినట్టు అంకెలు, ఇంజను ముక్కు మీద నూనె మరకలు. పక్కనున్న చిన్న పెట్టె మీద బిరడా తిప్పితే ఇంజను కదులుతుంది, ఇంకాస్త తిప్పితే వేగం అందుకుంటుంది. వెనక గోడకు యారాడ కొండ. పాత పేపర్లు తడిపి, జిగురు పూసి, ముద్దలు చేసి దాన్ని నిలబెట్టింది నేనే. పట్టాల కింద కంకర భీమిలి ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుక. దాన్ని కడిగి ఎండబెట్టి పిండి జల్లెడతో జల్లించాను. వాడేసిన టీపొడి ఎండబెడితే అచ్చం యార్డు మట్టిలా ఉంటుందని కనిపెట్టింది కూడా నేనే. వ్యాగన్లలో బొగ్గు మా రోట్లో దంచినది. ఆ తర్వాత నెల రోజులు పచ్చడి నల్లగా వచ్చింది.

మా ఆయన ఊరవతల ఓ ప్రైవేటు కంపెనీ సైడింగులో ఇంజను డ్రైవరుగా చేసేవాడు. సైడింగంటే పెద్ద లైను నుంచి బొగ్గు వ్యాగన్లను కంపెనీ ఆవరణలోకి తెచ్చుకునే సొంత రైలు దారి. మా అన్న అదే యార్డులో పాయింట్స్‌మన్. జెండా ఊపి ఇంజనుకు దారి చెప్పడం, వ్యాగన్ల మధ్యకు దిగి వాటిని ఒకదానికొకటి తగిలించడం వాడి పని. నాకు ఈ సంబంధం తెచ్చింది వాడే. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు, ఒకే క్యారేజీలో తినేవాళ్లు. ఒక మధ్యాహ్నం మా అన్న రెండు వ్యాగన్ల మధ్య ఉండగా మా ఆయన ఇంజను వాటిని నెట్టింది. వ్యాగన్ల మధ్య మనిషి పట్టేంత చోటు మిగలలేదు.

విచారణ జరిగింది. పచ్చజెండా ఊపినవాడు మళ్లీ ఎర్రజెండా చూపకుండా లోపలికి దిగాడు కాబట్టి తప్పు పోయినవాడిదేనని తేల్చి చేతులు దులుపుకున్నారు. పోయినవాడు ఎదురు చెప్పడు కనుక పని తొందరగా అయిపోయింది. యార్డులో ఒక్కడూ నోరు మెదపలేదు. ఉన్నవాడైనా బతకాలి కదా అని వాళ్లలో వాళ్లు అనుకున్నారట. ఆనందపురం పక్కన మా ఊళ్లో అయితే మా అన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా నిర్లక్ష్యం అనే మాట పక్కనే వచ్చి కూర్చునేది. మా నాన్నే అనేవాడు, చిన్నప్పటి నుంచీ వాడికి ఒళ్లు తెలియదని. చెట్టెక్కితే దిగడానికి దారి చూసుకునే ఎక్కేవాడు మా అన్న. ఆ సంగతి నాన్నకు తెలియదా? అయినా అనేవాడు. నేనూ వింటూ ఊరుకునేదాన్ని. పక్కలో ఏడుస్తున్న మొగుణ్ణి నమ్మాలి కదా.

వదినకు, అంటే మా అన్న పెళ్లానికి, కంపెనీవాళ్లు అదే యార్డులో చిన్న ఉద్యోగం ఇచ్చారు. మా ఆయన మాత్రం మళ్లీ ఇంజను ఎక్కలేకపోయాడు. మానేసి గోదాములో సూపర్‌వైజరుగా చేరాడు. చేతులకు ఏదో ఒక పని పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. ఈ రైలు పిచ్చి అలా మొదలైంది. మొదట్లో నాకు సంతోషంగానే ఉండేది. మనిషి ఏడుపు ఆపాడు, కళ్లద్దాలు పెట్టుకుని పట్టాలు అతికిస్తున్నాడు, సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రంగులు కలిపిస్తున్నాడు. అది ఏ యార్డని నేను అడగలేదు. రైళ్లంటే రైళ్లే అనుకున్నాను. ఆ కంపెనీ గేటు దాటి నేనెప్పుడూ లోపలికి వెళ్లలేదు.

ఓ రోజు ఆన్‌లైనులో తెప్పించిన బొమ్మల డబ్బా విప్పి, గోరంత మనిషికి పసుపురంగు హెల్మెట్టు వేశాడు. పట్టాలు వంగే ఒంపు దగ్గర రెండు వ్యాగన్ల మధ్య నిలబెట్టాడు. దాని ముందర అగ్గిపెట్టెంత గది ఒకటి పెట్టాడు. కాసేపు అటు జరిపాడు, ఇటు జరిపాడు, ఇంజను ఎత్తుకు కన్ను ఆనించి చూశాడు, మళ్లీ జరిపాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ మనిషి కాళ్ల కింద కంకర నేను జల్లించిందే. ఏటండీ ఇది అని అడిగితే, జరిగింది జరిగినట్టు చూపించకపోతే జనం ఎలా నమ్ముతారని చాలా మామూలుగా చెప్పాడు.

అప్పటి నుంచి ఆదివారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రదర్శన. వీధిలోవాళ్లు, గోదాములోవాళ్లు, వాళ్ల చుట్టాలు వచ్చేవాళ్లు. మొదట మామూలు రైళ్లు తిప్పేవాడు. వ్యాగన్లు వచ్చేవి, బొగ్గు దిగేది, అందరూ అబ్బో అనేవాళ్లు. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు కథకు వచ్చేవాడు.

"ఇదిగో, ఇది ఒంపు. ఇది వ్యాగన్లు తూసే కాటా గది. ఇంజన్లోంచి సూస్తే ఈ గది అడ్డం. పచ్చజెండా ఊపినోడు గదెనక్కెళ్లి దిగిపోయేడు. నాకెలా కనబడతాడు? నానేటి సెయ్యగల్ను?"

ఒక్కొక్కరినీ వంచి, ఇంజను కిటికీ ఎత్తుకు కళ్లు పెట్టించేవాడు. వాళ్లు ఒక కన్ను మూసి చూసి, అవును కనబడట్లేదని తేల్చేవాళ్లు. అప్పుడు బిరడా తిప్పేవాడు. వ్యాగన్లు కదిలేవి, పసుపు హెల్మెట్టు పక్కకు ఒరిగి కంకరలో పడేది. జనం నాలుక చప్పరించి, పళ్లెంలో మిక్స్చరు మళ్లీ అందుకునేవాళ్లు. ఎదురింటాయన ఒకసారి ఫోను తీసి, మళ్లీ ఓసారి నడపమని, సరిగ్గా రికార్డు కాలేదని అడిగాడు. మా ఆయన నడిపాడు. నేను వంటింట్లోంచి టీ గ్లాసులు తెచ్చి అందించాను. ఆ గ్లాసులు ఎదురింటాయన నెత్తిన ఎందుకు పెట్టి కొట్టలేదో నాకిప్పటికీ తెలియదు.

వారానికోసారి బ్రష్షుతో బల్ల దులపడం నా పని. ఆయన ప్రతిదీ అతికించాడు. పొదలు, స్తంభాలు, ఆఖరికి పట్టాల పక్క పడున్న తుప్పు గొలుసు ముక్కతో సహా అన్నీ గట్టిగా అతుక్కుని ఉండేవి. కాటా గది ఒక్కటే వదులుగా ఉండేది. బ్రష్షు తగిలితే జరిగేది. నేను జాగ్రత్తగా మళ్లీ ఆయన పెట్టిన చోటే పెట్టేదాన్ని.

యార్డు మా ఇంట్లో ఉందన్న కబురు యార్డుకు చేరకుండా ఉంటుందా? ఓ ఆదివారం వదిన షేర్ ఆటో దిగి వచ్చింది. చేతిలో అరటిపళ్ల కవరు. అన్న పోయాక మా గుమ్మం తొక్కడం అదే మొదలు. హాలు నిండా జనం ఉన్నారు. నేను స్టూలు వేస్తే అందరి వెనక కూర్చుంది. మా ఆయన అప్పటికి ఒంపు దగ్గరికి వచ్చాడు. తలెత్తి ఆమెను చూసి ఆగిపోయాడు. ఆపేస్తాడనుకున్నాను. ఎదురింటాయన కానీ కానీ అన్నాడు. మా ఆయన గొంతు సవరించుకుని మొదటి నుంచి చెప్పాడు. ఆమె ముఖం చూడకుండా, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాడు. వ్యాగన్లు కదిలాయి. బొమ్మ పడింది. ఆ క్షణంలో నాకు ఆయన మీద పుట్టిన అసహ్యం ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ పుట్టలేదు.

వదిన లేచి వచ్చింది. నానూ ఓసారి సూడొచ్చా అన్నయ్యా అని అడిగింది. వంగి, ఇంజను పక్కన చెంప ఆనించి చాలాసేపు చూసింది. లేచి, రెండు వేళ్లతో కాటా గదిని ఎత్తి పట్టాలకు అవతలి వైపు, ఒంపు దాటాక పెట్టింది. పడిపోయిన బొమ్మను తీసి నిలబెట్టింది.

"గది ఇక్కడుంటాది అన్నయ్యా. రోజూ అందులోనే కూకుంటన్నాను. వ్యాగన్ల తూకాలు రాసేది నానే. కిటికీలోంచి డైవరు మొకం తిన్నగా కనబడతాది నాకు."

ప్రమాదం నాటికి గది ఇటే ఉండేదని, తర్వాత మార్చి కట్టి ఉంటారని మా ఆయన అన్నాడు.

"గోడ మీద మీ బావ బొగ్గుతో రాసుకున్న పేరు ఇంకా ఉంది. తుడిసెయ్యమంటే నాను తుడవనీలేదు. ఆ గోడ నడిసెళ్లిందేటి?"

ఎదురింటాయన అలవాటు కొద్దీ వంగి ఒక కన్ను మూసి చూశాడు. కనబడతన్నాడు అన్నాడు. అన్నాక తనేమన్నాడో తెలిసి, ఫోను జేబులో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

వదిన మా ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. ఊళ్లో వర్షాల సంగతి అడిగినట్టే అడిగింది.

"మరి ఆవేళ ఎటు సూస్తన్నారన్నయ్యా?"

జనం ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని జారుకున్నారు. మిక్స్చరు పళ్లెంలో సగం అలాగే ఉండిపోయింది. వదిన అరటిపళ్లు నా చేతికిచ్చి, ఆలస్యమైతే ఆటో దొరకదని బయల్దేరింది. ఆమెను వీధి చివరిదాకా సాగనంపుతూ నేనేదో అనబోయాను. ఇందులో నువ్వేటి సేసేవు అమ్మీ, నీ తప్పేటుంది అంది. ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా అన్నను నిర్లక్ష్యం మనిషి అన్నవాళ్లందరి ముఖాలూ వరసగా కళ్ల ముందు తిరిగాయి. మా నాన్న ముఖం అందరికంటే ముందు తిరిగింది. ఇంటికి వచ్చాక నాన్నకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. అంతా విని ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే మా ఆయన స్క్రూడ్రైవరు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇంట్లో తిరగడానికి చోటు లేదు, నీకూ నడుం నొప్పి, తీసేస్తానన్నాడు. నా నడుం అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. కాటా గదిని పక్కకు లాగబోయాడు. అది రాలేదు. ముందు రోజే నేను దాన్ని వదిన పెట్టిన చోట జిగురుతో అతికించాను. నిలబెట్టిన బొమ్మను మాత్రం అతికించలేదు.

"తియ్యకండి. ఆదివారం వదిన వస్తానంది," అన్నాను.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి నా వైపు చూశాడు. బతిమాలే చూపు అది. నాకు జాలి కలుగుతుందేమోనని కాసేపు అలాగే నిలబడ్డాను. కలగలేదు. బకెట్టు తీసుకుని, బల్ల కింద దూరి బట్టలారేయడానికి వెళ్లిపోయాను.

ఆదివారం వదిన వచ్చింది. వీధిలోవాళ్లెవరూ రాలేదు. నేను స్టూలు బల్ల ముందుకు జరిపి వేశాను. ఆమె కూర్చుని, చీర కొంగు ఒళ్లో సర్దుకుని, నడపండి అన్నయ్యా అంది. ఆయన బిరడా మీద చెయ్యి వేశాడు. ఇంజను కదిలింది. వ్యాగన్లు ఒంపు తిరిగి, పసుపు హెల్మెట్టుకు వేలెడు దూరంలో ఆగాయి. ఆయనే ఆపాడు.

వదిన ఇంజను వైపు చూడలేదు. మా ఆయన కళ్లలోకే చూస్తోంది.

"ఆపకండి," అంది. "ఆవేళ ఆగలేదు కదా."

ఆయన నా వైపు తిరిగాడు. నేను టీ గ్లాసు వదిన చేతికిచ్చి, గోడకు చేరబడి నిలబడ్డాను. ఇంకెటూ చూడడానికి లేక ఆయన పట్టాల వైపు తిరిగి బిరడా తిప్పాడు. బొమ్మ పడింది. వదిన ఒంగి దాన్ని తీసి, హెల్మెట్టుకు అంటిన ఇసుక కొంగుతో తుడిచి, మళ్లీ అదే చోట నిలబెట్టింది.

"మళ్లీ," అంది.